పిల్లల మెదడు అన్యూరిజం: స్కాన్ నుంచి క్లిప్ దాకా, ఏది ఎంతకాలం నిలుస్తుంది?

మెదడు ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడమే అన్యూరిజం. పిల్లల అన్యూరిజం చికిత్సలో వాడే పరికరాల్లో పిల్లల కోసమే తయారైనవి దాదాపు లేవు. బుడగ మెడను మూసే క్లిప్పులు, బుడగను నింపే కాయిల్స్, రక్తాన్ని దారి మళ్లించే ఫ్లో డైవర్టర్లు అన్నీ పెద్దల రక్తనాళాల కొలతలకు తయారై, పెద్దల మీద నెగ్గి, ఆ తర్వాత పిల్లల దాకా వచ్చినవే. క్లిప్పునూ కాయిల్‌నూ ఎదురెదురుగా పెట్టి చూసిన ఐశాట్ అధ్యయనం (2002) పేరు ఈ చర్చ వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. అందులో చేరిన 2,143 మందీ పెద్దవాళ్లే. ఏడాది తిరిగేసరికి ఎంతమంది చనిపోయారు, ఎంతమంది ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నారు అన్నది దాని ప్రధాన కొలత. ఎనిమిదేళ్ల పిల్లకు ఏడాది లెక్క ఏం సరిపోతుంది? ఆమెకు పెట్టిన పరికరం ఇంకో డెబ్బై ఏళ్లు ఆ నాళం దగ్గరే పనిచేస్తూ ఉండాలి. ఇక్కడ పరీక్షలనూ పరికరాలనూ మేం ఆ లెక్కతోనే తూచాం. పెద్దల విషయంలో మేం ఇచ్చే మార్కులకూ వీటికీ పొంతన ఉండదు.

ముందు జబ్బు తీరు. మొత్తం అన్యూరిజం కేసుల్లో పిల్లలవి 5 శాతం లోపే. పెద్దల్లో ఆడవాళ్లకు ఎక్కువగా వస్తే, పిల్లల్లో మగపిల్లలకు ఎక్కువ. చోటు కూడా వేరు. మెడలోంచి మెదడులోకి వెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చివర పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మెదడు వెనుక భాగానికి వెళ్లే వెర్టిబ్రల్, బాసిలార్ ధమనుల వాటా కూడా పెద్దల్లో కంటే హెచ్చు. 25 మి.మీ. దాటిన జెయింట్ అన్యూరిజంలు, మెడ (బుడగ నాళానికి అతికే మొదలు) అంటూ లేకుండా నాళం పొడవునా ఉబ్బిపోయే ఫ్యూజిఫార్మ్ రకం, గోడ పొరలు చీలి ఏర్పడే డిసెక్టింగ్ రకం, ఇవన్నీ పిల్లల్లో తరచుగా ఎదురయ్యేవే. గుండె కవాటాల ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేవీ, తలకు దెబ్బ తగిలాక వచ్చేవీ వీటికి అదనం. మూత్రపిండాల్లో తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు, బృహద్ధమని సన్నబడే కోఆర్క్టేషన్, నాళాల గోడలను బలహీనపరిచే వాస్క్యులర్ రకం ఎహ్లర్స్-డాన్లోస్, లోయీస్-డీట్జ్ జబ్బులు, సికిల్ సెల్ వంటివి వెనక ఉన్నాయేమో వెతకాలి. ఎహ్లర్స్-డాన్లోస్ సంగతి ముందే తెలియాలి, ఎందుకంటే ఆ పిల్లల్లో ఆంజియో కోసం తొడ ధమనిలో గుచ్చిన సూది కూడా నాళాన్ని చీల్చేయవచ్చు.

గుర్తించడం దగ్గరే సగం తప్పులు

పగిలిన అన్యూరిజం పిల్లల్లో మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) వేషంలో వస్తుంది. తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, ఒకటి రెండు రోజుల్లో కొద్దిపాటి జ్వరం. పిల్లాడికి ఇవన్నీ కలిసి కనిపిస్తే ఎవరి ఆలోచనైనా ముందు ఇన్ఫెక్షన్ మీదికే పోతుంది. తేడా పట్టించేది మొదలైన తీరు. ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడటం, వెంటనే వాంతి, ఫిట్స్, కొద్ది నిమిషాల స్పృహ లేమి, ఇవి ఇన్ఫెక్షన్ నడక కాదు. మాటలు రాని పసివాళ్లలో మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, ఆగని ఏడుపు, ఫిట్స్ మాత్రమే ఉంటాయి. పసిపిల్లల కంటి రెటీనాలో రక్తస్రావం కనిపిస్తే ఎవరో బిడ్డను బలంగా ఊపేశారన్న అనుమానం సహజంగానే వస్తుంది. ఆ విచారణ ఆపక్కర్లేదు గానీ, నాళాల పరీక్ష కూడా వెంటనే జరగాలి. ఒకటి తేలిందని రెండోది వదిలేయడం పొరపాటు.

పగలకుండా పెద్దదైనవి పక్కనున్న నరాలను నొక్కుతాయి. ఒక కనురెప్ప వాలిపోయి, ఆ కంటిపాప పెద్దదై వెలుగుకు ముడుచుకోకపోతే మూడో కపాల నరం మీద ఒత్తిడి పడుతోందని అర్థం. ఇది కళ్లద్దాల డాక్టరు దగ్గర ఆగిపోవాల్సిన సమస్య కాదు.

సీటీ స్కాన్ మొదటి మెట్టు. దీనికి పోటీ లేదు. పగిలిన 6 గంటల్లోపు మంచి యంత్రంలో పలుచని ముక్కలుగా తీస్తే రక్తం దాదాపు తప్పించుకోదు. రోజులు గడిచేకొద్దీ ఈ పట్టు సడలుతుంది. వారం దాటాక సగం కేసులు నార్మల్‌గా కనిపించవచ్చు. ‘వారం కిందట తలనొప్పి వచ్చింది, ఇవాళ సీటీ నార్మల్’ అన్న భరోసాకు పెద్దగా విలువ లేదు. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. ఆక్సిజన్ అందక మెదడంతా వాచిపోయిన పిల్లాడి సీటీలో మెదడు చుట్టూ ఉన్న సందులు తెల్లగా మెరిసి రక్తం ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి.

సీటీలో ఏమీ లేకపోయినా అనుమానం పోకపోతే వెన్ను నీరు తీయాలి. రక్తం విరిగి నీరు పసుపు రంగుకు తిరగడానికి సుమారు 12 గంటలు పడుతుంది, అంతకు ముందే తీస్తే ఆ గుర్తు దొరకదు. తీసిన నీటిని వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, వెలుతురు తగలకుండా ల్యాబ్‌కు పంపాలి. పెనుగులాడే పిల్లల్లో సూది చిన్న సిరకు తగిలి వచ్చే రక్తం చాలా మామూలు. మొదటి గొట్టం కంటే చివరి గొట్టంలో రక్తం తగ్గింది కాబట్టి ఇది సూది వల్లేనని కొట్టిపారేయడం సరికాదు. తిప్పాక పైన తేలిన నీటి రంగే సాక్ష్యం. ఈ పరీక్షకు మా మార్కులు మధ్యస్థం: నీరు తేటగా వస్తే ఎంతో నమ్మకం, రక్తంతో వస్తే ఎంతో గందరగోళం.

సీటీ ఆంజియో వేగానికి పూర్తి మార్కులు. రక్తం కనిపించిన అదే బల్ల మీద, పిల్లను కదపకుండా, నిమిషాల్లో నాళాల బొమ్మ వచ్చేస్తుంది. నాళాలను మెరిపించే కాంట్రాస్ట్ మందు కిలో బరువుకు 1.5 నుంచి 2 మి.లీ. చాలు. బొమ్మ పాడయ్యేది ఎక్కువగా సమయం తప్పడం వల్ల. పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటుంది, మందు ధమనులు దాటి సిరల్లోకి చప్పున వెళ్లిపోతుంది. పెద్దలకు పెట్టిన ఆలస్యాన్నే వీళ్లకూ ఉంచితే ధమనులూ సిరలూ కలిసిపోయి, పుర్రె అడుగున కావర్నస్ సైనస్ అనే సిరల గుంపు దగ్గర ఏది ఏదో తెలియని బొమ్మ చేతికొస్తుంది. మందు మెడ ధమనిలోకి చేరిన క్షణం చూసి స్కాన్ మొదలయ్యేలా యంత్రాన్ని పెట్టుకోవాలి, ట్యూబ్ వోల్టేజ్ 80 కేవీకి తగ్గించాలి. రేడియేషన్ తగ్గుతుంది, కాంట్రాస్ట్‌లోని అయోడిన్ ఇంకా బాగా మెరుస్తుంది. 3 మి.మీ. లోపువి, ఎముకకు అంటుకుని ఉన్నవి ఇందులోనూ తప్పిపోతాయి.

ఎంఆర్‌ఏ అంటే ఎంఆర్‌ఐ యంత్రంతో తీసే నాళాల బొమ్మ. ఇందులో రేడియేషన్ లేదు, మామూలు పద్ధతిలో తీస్తే కాంట్రాస్ట్ కూడా అక్కర్లేదు. కానీ అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు తప్పదు. పెద్ద అన్యూరిజంలో రక్తం సుడి తిరుగుతూ నెమ్మదించే చోట సిగ్నల్ పోతుంది. 30 మి.మీ. బుడగ 15 మి.మీ.గా కనిపించడం ఈ పరీక్షకు అలవాటే. మామూలు ఎంఆర్‌ఐ ముక్కల్లో గడ్డకట్టిన భాగంతో సహా బయటి అంచు కొలిస్తేనే అసలు పరిమాణం తెలుస్తుంది. అత్యవసరంలో దీన్ని మేం సిఫార్సు చేయం. తర్వాతి ఏళ్ల పరిశీలనకు మాత్రం దీనికి మించింది లేదు.

ఆంజియో బల్ల మీద

చికిత్స నిర్ణయించే పరీక్ష డీఎస్‌ఏ, అంటే తొడ ధమనిలోంచి సన్నని గొట్టం పంపి తీసే ఆంజియోగ్రామ్. దీనంటే తల్లిదండ్రులకు భయం ఎక్కువ. చేయి తిరిగిన జట్టు చేతిలో పిల్లల్లో నరాలకు సంబంధించిన చిక్కులు 1 శాతం లోపే ఉంటాయి. చిక్కులు వచ్చేది ఎక్కువగా తొడ దగ్గర. చిన్నపిల్లల ధమని సన్నం, ముట్టుకుంటే బిగుసుకుపోతుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ 21 గేజ్ మైక్రోపంక్చర్ సూదితో మొదటి పోటులోనే దొరకాలి. గొట్టానికి వాడే తొడుగు 4 ఫ్రెంచ్‌కు (గొట్టాల మందం కొలత) మించకూడదు. పని అయ్యాక పాదం వెచ్చగా ఉందా, నాడి అందుతోందా అని గంటల తరబడి చూడాలి. నాడి అందకపోతే ‘బిగుసుకుంది, సర్దుకుంటుంది’ అని తెల్లారేదాకా ఆగడం పెద్ద తప్పు. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మొదలుపెట్టి, రక్తప్రవాహం చూసే డాప్లర్ చేయాలి.

రెండో గండం మోతాదు. కాంట్రాస్ట్ మొత్తం కిలోకు 4 నుంచి 6 మి.లీ. దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. 10 కిలోల పిల్లకు ఇది 40–60 మి.లీ. మాత్రమే. ఒక్కో ధమనిలోకి ఒక్కో ఇంజెక్షన్ అనుకుంటూ పోతే నాలుగు నాళాలకే కోటా అయిపోతుంది. కాబట్టి ఏ నాళం ముందు, ఏ కోణంలో అన్నది సీటీ ఆంజియో చూసి కాగితం మీద రాసుకున్నాకే పిల్లకు మత్తివ్వాలి. గొట్టం గడ్డకట్టకుండా నడిపే హెపారిన్ సెలైన్‌ను చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు. ఆ చుక్కలు గంటల తరబడి పడుతుంటే పసిబిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి అవే చాలు. మా దృష్టిలో ఈ ఫ్లష్ ద్రవాన్ని మి.లీ.లలో రాసిపెట్టే ల్యాబ్ మంచి ల్యాబ్.

ఆపరేషన్‌కు ముందు గంటలు

పగిలిన అన్యూరిజం మళ్లీ పగిలే ముప్పు మొదటి 24 గంటల్లో అత్యధికం. ఈలోపు మెదడులో నీరు నిలిచి పిల్ల మత్తులోకి జారుతుంటే ఈవీడీ అనే బయటి గొట్టం వేయాలి. ఇది ప్రాణం కాపాడే పరికరమే గానీ తొందరపాటును క్షమించదు. నీటిని ఒక్కసారిగా వదిలేస్తే బుడగ బయటి ఒత్తిడి పడిపోతుంది, లోపలి రక్తపోటు అలాగే ఉంటుంది, గోడ చీలుతుంది. గొట్టం చుక్కలు పడే గదిని చెవి రంధ్రం మట్టానికి 15–20 సెం.మీ. ఎత్తులో ఉంచి, కొద్దికొద్దిగా వదలాలి. పిల్లను పక్కకు తిప్పినా, మంచం ఎత్తినా ముందు గొట్టం మూయాలి. నర్సుల షిఫ్టు మారే వేళే ఇది మరిచిపోయేది.

ఫిట్స్‌కు లెవెటిరాసిటమ్, మెదడు వాపుకు 3 శాతం సెలైన్ కిలోకు 3–5 మి.లీ., నొప్పి తగ్గించడం, వాంతులు ఆపడం, ఇవన్నీ తెలిసినవే. రక్తపోటును పెద్దల అంకెలతో తగ్గించకూడదు. ఆరేళ్ల పిల్లకు మామూలుగానే తక్కువ పోటు ఉంటుంది, పెద్దల మందు చార్టు చూసి ఇంకా దించితే మెదడుకు రక్తం అందదు.

క్లిప్: మా మొదటి ఎంపిక, షరతులతో

వాల్టర్ డాండీ 1937లో అన్యూరిజం మెడకు వెండి క్లిప్ వేశాడు. ఇవాళ్టి యాసర్గిల్ లాంటి స్ప్రింగ్ క్లిప్పులు టైటానియం మిశ్రమంలోనూ, ఫైనాక్స్ అనే కోబాల్ట్ మిశ్రమంలోనూ దొరుకుతాయి. పని సూత్రం బట్టలారేసే తీగ మీది క్లిప్పుదే: మెడను పట్టి మూస్తుంది, బుడగలోకి రక్తం ఆగుతుంది. సరిగ్గా పడ్డ క్లిప్ దశాబ్దాల పాటు కదలదు, అందుకే పిల్లల విషయంలో దీనికి మా మొగ్గు. మెడ ఉన్న అన్యూరిజం, చేయి అందే చోటు, నేర్పున్న సర్జన్. ఈ మూడూ ఉంటేనే ఆ మొగ్గు.

పిల్లల పుర్రె తెరవడం పెద్దల ఆపరేషన్‌కు చిన్న సైజు కాదు. రెండు మూడేళ్ల లోపు పిల్లలకు తలను బిగించే పిన్నులు వాడకూడదు. ఎముక పలచన, పిన్ను లోపలికి దిగి ఎముక కుంగుతుంది, కింద రక్తం చేరుతుంది. గుర్రపులాడం ఆకారంలోని మెత్తటి దిండు మీద ఉంచి పనిచేయాలి. అప్పుడు కళ్ల మీద ఒత్తిడి పడకుండా చూసుకోవాలి. మెదడును కప్పే డ్యూరా పొర చిరిగితే కుట్టకుండా వదలకూడదు. పెరుగుతున్న పుర్రెలో ఆ చిరుగు కింద ఎముక సందు వెడల్పవుతూ పోతుంది. ఎముక ముక్కను తిరిగి బిగించడానికి చిన్నపిల్లల్లో కరిగిపోయే ప్లేట్లే మేలు. పుర్రె లోపలివైపు అరుగుతూ, బయటివైపు కొత్త ఎముక పేరుస్తూ పెరుగుతుంది, కాబట్టి టైటానియం ప్లేటు ఏళ్లు గడిచేసరికి లోపలికి చేరిపోయినట్టు తేలుతుంది.

రక్తం లెక్క ఇంకా కఠినం. 10 కిలోల పిల్ల ఒంట్లో ఉండేది మొత్తం 750–800 మి.లీ. రక్తం. అందులో 200 మి.లీ. పోతే పావు వంతు పోయినట్టే. చూషణ సీసాలో ఇది గ్లాసెడు కూడా కనిపించదు. నెత్తిచర్మం కోసేటప్పుడే సగం నష్టం జరిగిపోవచ్చు. చర్మం కోయక ముందే సరిపోలిన రక్తం థియేటర్ గదిలో ఉండాలి, బ్లడ్ బ్యాంకులో ఉంటే చాలదు. రెండు మంచి సిరల లైన్లు, ధమనిలో పోటు చూసే లైను తప్పనిసరి. పుర్రె అడుగుకు దగ్గరగా ఉన్న కెరోటిడ్ అన్యూరిజం అయితే మెడలో ఆ ధమనిని ముందే బయటికి తీసి తాడు చుట్టి ఉంచుకోవాలి.

పిల్లల మెదడు నిండుగా ఉంటుంది, మెదడు ముందు, పక్క భాగాల మధ్య ఉండే సిల్వియన్ చీలిక బిగుతుగా ఉంటుంది. నీరు వదిలి మెదడును సడలించకుండా రిట్రాక్టర్‌తో లాగితే పెద్దల్లో కంటే త్వరగా నలుగుతుంది. బుడగ దగ్గరికి చేరాక తాత్కాలిక క్లిప్‌తో కెరోటిడ్‌ను కాసేపు మూస్తారు. బంగారు రంగులో ఉండే ఈ క్లిప్ మూసుకునే బలం సుమారు 70–90 గ్రాములు; శాశ్వత క్లిప్‌ది 150–180 గ్రాములు. బలం తక్కువ కాబట్టే ఇది నాళపు లోపలి పొరను నలపదు, బలం తక్కువ కాబట్టే దీన్ని లోపల వదిలి రాకూడదు. ఒక్కో విడత 3 నుంచి 5 నిమిషాలు, మధ్యలో రక్తం వదలాలి. గడియారం చూసి నిమిషాలు పైకి చదివే మనిషి ఒకరు ఉండాలి.

శాశ్వత క్లిప్ పొడవు మెడ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 6 మి.మీ. గుండ్రటి మెడను రెండు బ్లేళ్ల మధ్య నొక్కితే చదునై దాదాపు 9 మి.మీ. అవుతుంది. 7 మి.మీ. క్లిప్ వేస్తే చివర సందు మిగిలి అందులోంచి రక్తం పోతూనే ఉంటుంది, కొన్నేళ్లకు అక్కడే కొత్త బుడగ లేస్తుంది. మరీ కిందికి, నాళానికి ఆనించి వేస్తే నాళమే ఇరుకవుతుంది. కెరోటిడ్ చివర అన్యూరిజంలో అసలు గండం బుడగ వెనక దాక్కునే మెదడులోకి చొచ్చుకుపోయే సన్నని ధమనులు, ఆంటీరియర్ కోరాయిడల్ ధమని. జుట్టంత సన్నని కొమ్మ ఒకటి బ్లేడు కింద పడితే అవతలి కాలూ చెయ్యీ పడిపోతాయి. క్లిప్ వేశాక బ్లేళ్ల రెండు కొసలూ కళ్లతో చూడాలి. ఆ తర్వాత మైక్రో డాప్లర్‌తో ప్రతి కొమ్మలో రక్తం శబ్దం వినాలి, ఐసీజీ రంగు సిరలోకి ఇచ్చి సూక్ష్మదర్శినిలో వెలుగు చూడాలి. ఐసీజీలో వెలగాల్సిన కొమ్మ వెలగకపోతే క్లిప్ తీసి మళ్లీ వేయాలి. ఐసీజీ రక్తం చాటున, క్లిప్ చాటున ఉన్న వాటిని చూపించదు కాబట్టి డాప్లర్ దీనికి ప్రత్యామ్నాయం కాదు, జోడీ. బుడగ మెడలో గట్టిపడిన పదార్థం పిల్లల్లో అరుదు కాబట్టి క్లిప్ జారడం తక్కువ. జెయింట్ బుడగల్లో మాత్రం లోపలి పోటు ఒక్క క్లిప్‌ను తెరిచేస్తుంది. అక్కడ క్లిప్పులు ఒకదాని మీద ఒకటి వేయాల్సి వస్తుంది.

కాయిల్, ఫ్లో డైవర్టర్

కాయిల్ ప్లాటినమ్ తీగ. మైక్రోకాథెటర్‌లోంచి బుడగలోకి వదిలి చుట్టలు చుట్టిస్తే లోపల రక్తం గడ్డకడుతుంది. పుర్రె కోయనక్కర్లేదు, పగిలి వాచిపోయిన మెదడును ముట్టుకోనక్కర్లేదు. బాసిలార్ చివర అన్యూరిజంకూ, స్పృహ సరిగా లేని పిల్లకూ మేం దీనికే ఓటేస్తాం. మొదటి కాయిల్ బుడగ వ్యాసానికి సమానంగా ఉండి చట్రంలా నిలవాలి, ఆ తర్వాతవి చిన్నవి. బుడగ ఘనపరిమాణంలో కనీసం 20–25 శాతం తీగ నిండితేనే కుదురుగా ఉంటుంది. మెడ 4 మి.మీ. దాటినా, బుడగ వెడల్పు మెడకు రెండింతల లోపున్నా తీగ నాళంలోకి జారుతుంది. పెద్దల్లోనే ఐదింట ఒకటి చొప్పున కాయిల్ కేసుల్లో కొంత రక్తం తిరిగి బుడగలోకి దారి చేసుకుంటుంది. ముందున్న డెబ్బై ఏళ్ల మీద ఈ లెక్క వేస్తే పిల్లకు మళ్లీ ఆంజియో, మళ్లీ కాయిల్, మళ్లీ రేడియేషన్ తప్పవనుకోవాలి. ‘కోత లేని చికిత్స’ అని కుటుంబానికి చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా అదే వాక్యంలో చెప్పాలి.

ఫ్లో డైవర్టర్ సన్నని తీగల వలతో అల్లిన గొట్టం. పైప్‌లైన్ పరికరంలో 48 తీగలు ఉంటాయి. బుడగను ముట్టుకోకుండా నాళంలోనే నిలబడి రక్తాన్ని దారి మళ్లిస్తుంది; నెలలు గడిచాక బుడగ మూసుకుంటుంది. ఫ్యూజిఫార్మ్, జెయింట్ రకాలు పిల్లల్లో ఎక్కువ కాబట్టి ఇది వాళ్ల కోసమే వచ్చిందా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ మూడు చోట్ల ఇబ్బంది. పరికరం వేయడానికి కావలసిన లావుపాటి గొట్టం చిన్నపిల్ల తొడ ధమనిలో పట్టదు. నాళం పెరిగితే వల పెరగదు. ఐదారేళ్లకల్లా కెరోటిడ్ పెద్దల కొలతకు దగ్గరవుతుంది కాబట్టి ఆ వయసు దాటినవాళ్లలో ఈ బెంగ తక్కువ. మూడోది, అన్నిటికంటే బరువైనది, మందులు. వల మీద రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఇవ్వాలి. ఆస్పిరిన్ కిలోకు 3–5 మి.గ్రా.; క్లోపిడోగ్రెల్ రెండేళ్ల లోపు వాళ్లకు కిలోకు 0.2 మి.గ్రా. చాలు, పెద్దల మాత్రను నాలుగు ముక్కలు చేస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. మందు పనిచేస్తోందో లేదో ప్లేట్‌లెట్ పరీక్షతో చూడాలి. ఆస్పిరిన్ మీద ఉన్న పిల్లకు ఆటలమ్మ, ఫ్లూ వస్తే కాలేయం, మెదడు దెబ్బతినే రీస్ సిండ్రోమ్ భయం. టీకాలు ముందే పూర్తిచేయాలి. ఆటలమ్మ టీకా వేశాక ఆరు వారాలు ఆస్పిరిన్ వద్దంటారు, కాబట్టి ఈ రెండిటినీ క్యాలెండర్‌లో ముందే సర్దుకోవాలి. సైకిల్ మీంచి పడ్డ పిల్లకు ఈ రెండు మందుల మీద తల గాయం ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. పగిలి, తలలో ఈవీడీ ఉన్న పిల్లకు ఇది చివరి దారి.

క్లిప్పూ కుదరక, డైవర్టరూ కుదరకపోతే ధమనినే మూసేయడం ఉంది. పాత పద్ధతే అయినా దీన్ని తక్కువ చేయనక్కర్లేదు, పిల్లల్లో పక్కదారి రక్తప్రసరణ బలంగా ఉంటుంది. మూసే ముందు బెలూన్‌తో కాసేపు ఆపి పరీక్షించాలి. పెద్దలను మెలకువగా ఉంచి చేతులు కదపమంటారు. మత్తులో ఉన్న పిల్లను అడగలేం, కాబట్టి రెండు వైపులా సిరలు ఒకేసారి నిండుతున్నాయో లేదో చూస్తారు, మెదడు విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ చూస్తారు. రెండు సెకన్లకు మించి తేడా ఉంటే ముందు బైపాస్ చేయాలి. నెత్తిచర్మపు ధమనిని మెదడు ధమనికి 10-0 దారంతో కుట్టే ఈ పనికి 1 మి.మీ. నాళం మీద చేయి తిరిగిన సర్జన్ ఉండాలి. కెరోటిడ్ మూసిన పిల్లల్లో అవతలి వైపు నాళాల మీద భారం పెరిగి ఏళ్ల తర్వాత అక్కడ కొత్త అన్యూరిజం రావచ్చు. అది ఈ పద్ధతి ఖాతాలో రాసుకోవాల్సిన అప్పు.

ఇన్ఫెక్షన్‌వి, దెబ్బల వల్ల వచ్చినవి వేరే దారి. గుండె కవాటం ఇన్ఫెక్షన్‌తో వచ్చి పగలనివి నాలుగు నుంచి ఆరు వారాల సిర మార్గపు యాంటీబయాటిక్స్‌తో మాయం కావచ్చు. వారం రెండు వారాలకోసారి స్కాన్ చేస్తూ, పెరిగితే వెంటనే చికిత్సకు దిగాలి. దెబ్బ వల్ల వచ్చిన దానికి సొంత గోడే ఉండదు, చుట్టూ పేరుకున్న గడ్డే దాని గోడ. అందులో కాయిల్ వదిలితే చీల్చుకుని బయటికొస్తుంది. నాళాన్ని రెండు వైపులా మూయడమే సరి. దెబ్బ తగిలిన రోజు ఆంజియో బాగుందని ఊరుకోవద్దు, ఇవి రెండు మూడు వారాలకు బయటపడతాయి.

ఆస్పత్రిని ఎలా తూచాలి

క్లిప్ వేసే సర్జన్, కాయిల్ వేసే నిపుణుడు, పిల్లల మత్తు డాక్టరు, పిల్లల ఐసీయూ నాలుగూ ఒకే కప్పు కింద లేని చోట, పిల్ల నిలకడగా ఉంటే, ఆగకుండా వేరే చోటికి పంపేయడమే మంచి సేవ. ఒక్క పద్ధతే తెలిసిన చోట ప్రతి అన్యూరిజం ఆ పద్ధతికే సరిపోయినట్టు కనిపిస్తుంది. అడగాల్సిన ప్రశ్నలు కూడా సూటిగానే ఉండాలి: ఈ బుడగకు రెండో పద్ధతి ఎందుకు వద్దంటున్నారు? క్లిప్ వేశాక థియేటర్‌లోనే ఆంజియో తీసే వీలుందా? ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (పుర్రె మీంచి మెదడు నాళాల్లో రక్తవేగం కొలిచే పరీక్ష) రోజూ చేస్తారా?

ఆ చివరి ప్రశ్న ఊరికే కాదు. రక్తం పడిన 4వ రోజు నుంచి 14వ రోజు దాకా మెదడు నాళాలు బిగుసుకుంటాయి. పిల్లల ఆంజియోలో ఈ బిగుతు బాగానే కనిపించినా పక్షవాతం పెద్దల్లో కంటే తక్కువగా వస్తుంది. డాప్లర్‌లో సెకనుకు 120 సెం.మీ. వేగం దాటితే ప్రమాదమన్నది పెద్దల గీత. ఐదేళ్ల పిల్లలో మామూలు వేగమే 90–100 దగ్గర ఉంటుంది. మెదడు ధమని వేగాన్ని మెడ ధమని వేగంతో భాగించి 3 దాటితే పట్టించుకోవాలి. ఈ బిగుతు వల్ల జరిగే నష్టాన్ని తగ్గించడానికి వాడే నిమోడిపిన్‌ను పిల్లలకు బరువును బట్టి ఇస్తారు, సాక్ష్యం మాత్రం పెద్దల నుంచి వచ్చిందే. డోసు పడ్డ అరగంటలో పోటు పడిపోతే డోసును సగం చేసి రెండింతలు తరచుగా ఇవ్వాలి. సోడియం పడిపోతుంటే నీళ్లు తగ్గించడం తప్పు. అది ఎక్కువగా ఉప్పు మూత్రంలో పోవడం వల్ల, ఉప్పూ నీరూ రెండూ తిరిగి ఇవ్వాలి. పిల్ల మూత్రం అకస్మాత్తుగా పెరిగిందన్న నర్సు మాటను ల్యాబ్ రిపోర్టు కంటే ముందే వినాలి.

ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే కాగితాల్లో క్లిప్ కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు, లోహం రాసి ఉండాలి. పాతకాలపు ఉక్కు క్లిప్పులు ఎంఆర్‌ఐ అయస్కాంతంలో తిరిగిపోయి ప్రాణం తీసిన ఘటన నమోదై ఉంది. ఇవాళ్టి టైటానియంకు ఆ భయం లేకపోయినా, ఏ లోహమో తెలియని క్లిప్ ఉన్న మనిషిని ఏ రేడియాలజిస్టూ యంత్రంలోకి ఎక్కించడు. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒక డీఎస్‌ఏ, ఆపైన మొదట్లో ఏటా, తర్వాత కొన్నేళ్లకోసారి ఎంఆర్‌ఏ. పద్దెనిమిదేళ్లు నిండి పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి మారేటప్పుడే ఈ ఫైళ్లు ఎక్కువగా పోతుంటాయి, కాబట్టి సీడీతో సహా ఒక నకలు కుటుంబం దగ్గరే ఉండాలి.